తిరగకట్టని మూట

తొలిమూటలో ఏ అంగాన్ని ముందు సర్దాలి, దేన్ని తరవాత సర్దాలి అన్న విషయంలో సువర్చలకు పట్టింపులెక్కువ. ముందు, మూటను దాచే గూటిని చదివే అంగం. అది లేస్తే తప్ప మిగతావి ఎక్కడున్నాయో, కరకట్ట లాకులను నడిపే కావలి యంత్రానికి తెలియదు. తరవాత విద్యుత్తు, ఆ తరవాత నీటిమట్టం, గాలివాటం, అన్నిటికీ చివర తలుపులు. నీటిమట్టం కంటే ముందు తలుపులు లేచాయా, కరకట్ట పొడుగునా ఉన్న నలభై రెండు లాకుల ఇనప తలుపుల్నీ కావలి కళ్ళు తెరవకుండానే ఎత్తి దించుతుంది. మొదటి రోజుల్లో ఒకసారి అలాగే జరిగి నాగులతిప్ప దక్షిణాన మూడొందల ఎకరాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. అప్పటికి సువర్చల ఉద్యోగంలో చేరలేదు. చేరాక ఆ కథను ఆమెకు కనీసం పదిమంది చెప్పారు, పదిమందీ ఆ తప్పును తామే పట్టుకున్నట్టు చెప్పారు.

గోడ మీద గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. పదీ యాభైకి సముద్రం పూర్తిగా వెనక్కి తీసి, ఇరవై ఏడు నిమిషాలు కదలకుండా నిలుస్తుంది. కావలి ఆ నిలకడ చూసి దానంతటదే నిద్రలోకి జారుకుంటుంది. రోజుకొకసారి అలా పడుకుని లేవకపోతే దాని కొలతలు కెరటాల వెంట కొంచెం కొంచెం పక్కకు జరుగుతాయి. నీళ్ళు నిలిచి ఉన్న ఆ కాస్త సేపట్లోనే లేపి, దానికి మళ్ళీ సున్నా ఎక్కడుందో చూపించాలి. లేచాక రెండున్నర గంటలు తలుపులెత్తి పొలాల్లో నీళ్ళను సముద్రంలోకి వదులుతుంది. నిద్ర దానంతటదే వస్తుంది గానీ, లేవడానికి మనిషి కావాలి. ఆ మనిషికే జీతం.

ఈ రోజు మేలుకొలుపు మామూలుది కాదు. పై ఆఫీసు కొత్త గింజ పంపింది. కావలికి గుండెకాయ లాంటిది గింజ. దాన్ని మార్చడమంటే పై ఆఫీసువాళ్ళకు పండగ, కింద మూటలు కట్టేవాళ్ళకు నడుం నొప్పి. పాత గింజను పొద్దున్నే గూట్లోంచి వెనక్కి తీసేసుకున్నారు కూడా, మేలుకుని ఉన్నంతసేపూ కావలికి దాని అవసరం పడదు. కొత్త గింజకు కొత్త తొలిమూట కట్టాలి, లేచీ లేవగానే దానికి ఏమేం చేతికి అందాలో అవన్నీ అందులో సర్దాలి. వెలి జాబితాలో ఉన్న అంగాలను మాత్రం మూటలోకి రానివ్వకూడదు. కొత్త గింజతో పాటు ఒక ఉత్తర్వు వచ్చింది. చేతిపిలుపు అనే అంగాన్ని ఇవాళ్టి నుంచి శాశ్వతంగా వెలేయాలి. కారణం కూడా రాశారు. లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు చేతిపిలుపు తాడును సరిగ్గా లాగడం లేదని పద్నాలుగు నెలల కిందటి ప్రమాదంలో రుజువైంది, కనుక దానివల్ల ఉపయోగం లేదు.

ఆ వాక్యం చదివి సువర్చల తలూపింది. ఆ రుజువు ఆమె ఇచ్చినదే.

లాకు తలుపు దిగే చోట నేలలో నిలువులోతు గుంత ఉంటుంది. అందులో గుల్ల, నాచు, బురద పేరుకుంటే తలుపు గాడిలో కూర్చోదు. లస్కర్లు ఇద్దరిద్దరుగా వెళతారు. ఒకడు గుంతలోకి దిగి గుల్ల గీకుతాడు. ఇంకొకడు పైన నిలబడి, దిగేముందు తాడు మూడుసార్లు లాగుతాడు. ఆ లాగడాన్ని వినే అంగమే చేతిపిలుపు. అది విన్నాక సముద్రమే లేచి వచ్చినా కావలి ఆ తలుపు దించదు. పైనున్నవాడు కిందివాడికి పూచీ. పని అయి పైకి వచ్చినవాడు పైనున్నవాడి మణికట్టుకు వేలెడు బురద రాసి, ఇదిగో వచ్చేశాను అన్నట్టు నవ్వుతాడు. తాడు లాగితే విన్నానన్నట్టు వెలగాల్సిన దీపాలు ఉప్పుగాలికి పాడై ఏడేళ్ళయింది. కొత్తవి కావాలని రాసిన కాగితాలు ఇంకా ఎక్కడో ప్రయాణం చేస్తున్నాయి.

పోయినేడు శ్రావణంలో ఈ భవనం పక్కనే ఉన్న పదకొండో లాకు దగ్గర నాంచారయ్య పైన నిలబడ్డాడు. ఏడుకొండలు గుంతలోకి దిగాడు. ఏడుకొండలు నాంచారయ్యకు సొంత బావమరిది, భార్య తిరపతమ్మకు ఒక్కడే తమ్ముడు. పోటు మొదలవగానే కావలి తలుపు దించేసింది. నాంచారయ్య తాడు లాగానన్నాడు. విచారణ సంఘం కావలి రాసుకున్న జాడ తీయించి చూసింది. ఆ ఉదయం ఏ తాడూ లాగిన జాడ లేదు. చేతిపిలుపు మేలుకుని ఉందా లేదా అని సువర్చలను అడిగారు. ఆమె వెలి జాబితా తెరిచి చూపించింది. జాబితాలో దాని పేరు లేదు, కనుక మేలుకునే ఉంది అని ప్రమాణం చేసి చెప్పింది. ఆమె పై అధికారి పరంజ్యోతి ఆ వాంగ్మూలం కింద రెండో ముద్ర వేశాడు. నాంచారయ్యకు తాడు లాగడం మరుపొచ్చిందని తేలింది. అప్పటినుంచీ ఎవరినీ గుంతల్లోకి దించడం లేదు. తాళ్ళు చుట్టేసి మేకులకు తగిలించారు.

అంతా ఎప్పుడో తేలిపోయిన విషయం. సువర్చల కొత్త మూట కట్టడానికి కూర్చుంది. కట్టేముందు పాత మూటలోకి ఒకసారి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఎవరూ చెయ్యరు ఆ పని, అవసరమూ లేదు. పాతదానిలో అంగాల వరస చూసుకుంటే కొత్తదానిలో చెయ్యి తడబడదని ఆమె నమ్మకం. గింజ మారితే తప్ప మూటలోకి చూసే పని పడదు, గింజ మారి పద్నాలుగు నెలలు దాటింది. ముద్ర చెదరకుండా లోపలికి తొంగి చూసింది. గూడు ఉంది. విద్యుత్తు ఉంది. నీటిమట్టం, గాలివాటం ఉన్నాయి. తరవాత చేతిపిలుపు ఉండాలి. తలుపులు ఉన్నాయి.

మళ్ళీ మొదటినుంచీ చూసింది. మూట అడుగున, కట్టిన రోజున వెలి జాబితా ఎలా ఉందో దాని నకలు ఉంటుంది. అందులో ఒకే ఒక పంక్తి ఉంది. చేతిపిలుపు, వెలి. పక్కన ఆమె పేరు.

కాసేపు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. పోయినేడు ఆషాఢం చివర పెద్ద గాలులు వీచాయి. ఆ గాలికి లాకుల తాళ్ళు వాటంతటవే ఊగి, ఎవరూ లేకుండానే చేతిపిలుపు మోగి, వారంలో పదకొండుసార్లు తలుపులు సగంలో ఆగిపోయాయి. లోపం తాళ్ళదా, తలుపులదా తేల్చడానికి ఒక ఆటు నుంచి మరుసటి ఆటుదాకా దాన్ని వెలేసి చూస్తానని ఆమే అడిగింది. జాబితాలో పంక్తి రాసింది. మూట కట్టింది. తలుపులు ఆగలేదు. లోపం తాళ్ళదని తేలింది, బిగించారు. రెండో రోజు పరీక్ష ముగిశాక జాబితాలోంచి ఆ పంక్తి తీసేసింది. తీసేస్తే సరిపోదు, మూట తిరగకట్టాలి. లేచేటప్పుడు కావలి చూసేది మూటలోకే, బయటి జాబితాను కాదు. కట్టడానికి అరగంట పడుతుంది. రేవులో ఆమె ఇంటికెళ్ళే లాంచీ కూత వేసింది. ఎలాగూ రేపటి ఆటుదాకా పని లేదు, పొద్దున్నే వచ్చి కడదామనుకుని మెట్లు దిగింది. పొద్దున్నే వచ్చింది కూడా. వచ్చి చూస్తే జాబితా శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉన్న జాబితాను చూసి, కట్టేశాననే అనుకుంది.

తొమ్మిది రోజులకు ఏడుకొండలు గుంతలోకి దిగాడు.

ఆమె చేసిన తప్పు అంతటితో ఆగలేదు, అది ఆమెకు బాగా తెలుసు. ప్రమాదం జరిగిన రెండు నెలలకు ఒకరోజు నాంచారయ్య ఈ భవనం మెట్ల దగ్గర ఆమెను ఆపి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, అమ్మాయిగారూ, మిషను ఒక్కోసారి వినకుండా పోయే వీలుంటుందా అని అడిగాడు. ఆమె ఎంతో మెత్తగా చెప్పింది, లేదు బాబాయ్‌గారూ, లాగి ఉంటే వింటుంది అని. కసురుకుని ఉంటే ఆయనకు కోపమైనా మిగిలేది. మెత్తగా చెప్పింది కాబట్టి నమ్మాడు. ఆ మెత్తదనం గుర్తొచ్చి సువర్చలకు తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. పదేళ్ళ అలవాటు. ఉత్తర్వులో ఉన్నట్టే కొత్త మూట కట్టేసింది, ముద్ర వేసింది, గూటి గుమ్మం దగ్గర పెట్టింది. అప్పటికి పదీ పది. పరంజ్యోతిని పైకి రమ్మని పిలిచింది.

పరంజ్యోతి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరి కడుపూ కొట్టలేదు, పండగలకు లస్కర్ల క్వార్టర్లకు వెళ్ళి పలకరించి వచ్చేవాడు. ఆమె చూపించింది చూశాడు. ఒకసారి తెర మీద, ఒకసారి ఆమె ముఖంలోకి, ఒకసారి తలుపు వేసి ఉందో లేదో చూశాడు. ఆ పంక్తి పరీక్ష కోసం రాసిందే కదా అన్నాడు. ఔనంది. జాబితాలోంచి తీసేశావు కదా అన్నాడు. మూటలోంచి తీయలేదంది. ఆ తరవాత ఆయన కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"చూడమ్మా, పోయినవాడు తిరిగి రాడు. ఆ పెద్దాయన ఒప్పేసుకున్నాడు కూడా. ఇవాళ పదకొండున్నరకి గుమాస్తా ఒప్పుకోలు కాయితం పట్టుకొస్తాడు, ఆయన సంతకం పెడతాడు, పేరు లస్కర్ల పట్టీలోంచి పోతుంది గానీ ఇల్లు మిగులుతుంది. ఇప్పుడిది తవ్వితే ఎవరికి మేలు?"

ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపాడు.

"చేతిపిలుపుని వెలేయొద్దులే. ఆ ఉత్తర్వు నేను ఆపిస్తాను. మూట విప్పి, అది కూడా పెట్టి మళ్ళీ కట్టు. రేపటినుంచి అది లేస్తుంది, ఇంకెవరూ పోరు. అది చాలదా?"

నిజం చెప్పాలంటే ఆమెకు చాలనిపించింది. ముందు ముందు ఎవరూ చావరు. పాత మూట దానంతటదే పోతుంది, గూటిలో ఒక్క మూటకే చోటు మరి, కొత్తది కూర్చున్న క్షణం పాతది చెరిగిపోతుంది. నకలు తీసి పెట్టుకున్నా దానికి ముద్ర ఉండదు, ముద్ర లేని నకలును ఏ విచారణ సంఘమూ ముట్టుకోదు. పాత గింజ లేదు కాబట్టి పాత మూటతో కావలిని లేపడమూ కుదరదు. ఇక ఆ పంక్తి సంగతి ఈ గదిలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో కూడా ఆమె ఆలోచించింది, ఆలోచించలేదంటే అబద్ధం. తలుపు కింద మనిషి పోతే మూట కట్టినవారి వేలిముద్రను పట్టికలోంచి తీసేస్తారు. వేలిముద్ర పోయినవాళ్ళకు ఈ తీరం పొడుగునా ఏ మేలుకొలుపు గదిలోనూ పని దొరకదు. కేసు అదనం. ఆమెకు ఈ పని తప్ప వేరే పని రాదు, వేరే పని మీద ఇష్టమూ లేదు.

మూట విప్పి చేతిపిలుపును నీటిమట్టానికీ తలుపులకూ మధ్య సర్దింది. మళ్ళీ కట్టింది. ఈసారి పదిసార్లు చూసుకుంది. పరంజ్యోతి అంతసేపూ కిటికీ దగ్గర నిలబడి, నిన్నటి వానకు దిగువ పొలాల్లో మోకాలి లోతు నీళ్ళున్నాయని, వరి పాలు పోసుకునే వేళ ఇదని, ఇవాళ రెండున్నర గంటలూ తలుపులెత్తకపోతే చివరి భూములవాళ్ళు ఊరుకోరని చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు.

పదీ యాభై అయింది. కరకట్ట మీద నలభై రెండు తలుపులూ తమ బరువుకు తాము మూసుకున్న చప్పుడు దూరందూరంగా వినబడింది. కావలి నిద్రపోయింది. తెర మీద కొత్త మూట పేరు, దాని కింద వేలిముద్ర కోసం చిన్న గడి వెలిగాయి. కొత్త మూటను మొదటిసారి కూర్చోబెట్టాలంటే కట్టినవారి వేలే కావాలి, పరంజ్యోతి వేలు పనికిరాదు.

సువర్చల బొటనవేలు గడి మీదికి తీసుకెళ్ళింది. కొంచెం ఆగి, కిందికి చూసింది. కిటికీలోంచి కింది వరండా కనబడుతుంది. అక్కడ పొడుగాటి చెక్కబల్ల ఉంది. దానికి ఒక చివర నాంచారయ్య కూర్చుని ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని, సంతకం పెట్టడానికి వచ్చినవాడిలా బుద్ధిగా. రెండో చివర తిరపతమ్మ కూర్చుంది. ఇద్దరి మధ్యా నలుగురు కూర్చునేంత ఖాళీ. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆమె మొగుడికి అన్నం పెడుతుంది గానీ మాట్లాడదని క్వార్టర్లలో అందరికీ తెలుసు. సువర్చలకూ తెలుసు. తెలిసినప్పుడు, పాపం అనుకుని టీ తాగింది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ఎక్కడికని పరంజ్యోతి అడుగుతుంటే, ఇప్పుడే వస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగింది.

ఆమెను చూడగానే నాంచారయ్య లేచి నిలబడ్డాడు. కూర్చోమని చెప్పినా కూర్చోలేదు. కాయితం ఇంకా రాలేదండీ, గుమాస్తాగారి కోసం చూస్తన్నాం అన్నాడు. ఆమెకు మాటలు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. మూటలు, అంగాలు, జాబితాలు అన్నీ నోటిదాకా వచ్చి వెనక్కిపోయాయి. అవన్నీ ఆయనకు చెబితే తన తప్పు వాటి చాటున దాక్కుంటుందని అనిపించింది.

"బాబాయ్‌గారూ, తాడు లాగితే వినే చెవి ఒకటుంటుంది మిషనుకి. పరీక్ష కోసమని ఒక్క రోజు దాన్ని నేను మూశాను. మళ్ళీ తెరిచాననుకున్నాను. తెరవలేదు. ఏడుకొండలుగారు దిగిన రోజు అది మూసే ఉంది. ఇవాళ్టిదాకా మూసే ఉంది. విచారణలో నేను చెప్పింది తప్పు."

నాంచారయ్య ముఖం మారుతుందని ఆమె ఎదురు చూసింది. తిడతాడని, చెయ్యి చేసుకుంటాడని కూడా అనుకుంది, అలా చేస్తే బాగుండునని లోపల ఆశపడింది. ఆయన మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తూ అడిగాడు.

"అయితే నేను లాగానంటారా?"

ఔనని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఒక్క మాట. పద్నాలుగు నెలల కిందట ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నదాన్ని ఆ ఒక్క మాటతో తిరిగి ఇచ్చేసినట్టు ఉంటుంది. ఇంకోసారి మెత్తటి గొంతుతో, తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"నాకు తెలియదు బాబాయ్‌గారూ. మీరు లాగినా, లాగకపోయినా అది వినేది కాదు. ఎప్పటికీ తెలిసే దారి లేకుండా చేశాను."

అది ఆమె ఆ రోజు చెప్పిన మాటలన్నింటిలోకీ కష్టమైనది. నాంచారయ్య తలూపాడు, ఎవరో దారి చెబితే విన్నట్టు.

"మొదట్లో నా చేతికి గుర్తుండేదమ్మా. మూడుసార్లు లాగింది బాగా గుర్తు. కాయితం చూపించారు కదా, ఎక్కడా లేదని. అప్పట్నించీ తాడుకి దూరంగా ఊరకే నిలబడ్డ చెయ్యే కనపడతంది. నిద్రలో కూడా అదే."

సువర్చలకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి తనకేం హక్కుందని పళ్ళ బిగువున ఆపుకుంది. ఒక మనిషి ప్రాణం పోవడమే కాదు, బతికి ఉన్న మనిషి చేతిలోంచి అతని జ్ఞాపకాన్ని కూడా తీసేసింది తను. దానికి ఏ సంఘమూ శిక్ష వెయ్యదు, అసలది ఏ కాగితంలోకీ ఎక్కదు.

బల్ల రెండో చివర తిరపతమ్మ లేచింది. ఆమె ఇంతసేపూ విన్నదీ లేనిదీ ఆమె ముఖం చూస్తే తెలియదు. దగ్గరికి వచ్చి, మొగుడి వైపు చూడకుండా సువర్చల ముందు నిలబడింది.

"లాగాడు," అంది. "ముప్పయ్యేళ్ళు మా తమ్ముణ్ణి దింపాడు. దింపినప్పుడల్లా లాగాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా లాగాడు. ఆ ఒక్క పొద్దూ లాగలేదని నేనెట్టా నమ్మాను? మీ మిషను చెప్పిందని నమ్మాను. మీరు ప్రమాణం చేశారని నమ్మాను. నాతో ముప్పయ్యేళ్ళు కాపరం చేసినోడు చెప్తే నమ్మలేదు."

నాంచారయ్య ఆమె పేరు పిలిచాడు. ఆమె ఇంకా తల తిప్పలేదు.

పైనుంచి పరంజ్యోతి కేకేశాడు. పదకొండూ పది దాటిందని, ఏడు నిమిషాలే ఉన్నాయని, వచ్చి వేలు పెట్టి వెళ్ళి ఎన్ని మాటలైనా మాట్లాడుకోమని. ఆయన సగం మెట్లు దిగి వచ్చాడు. ముఖం చెమట పట్టి ఉంది. సువర్చల ఆయన వైపు తిరిగింది.

"వేలు పెట్టను సార్. పాత మూట గూట్లో అలాగే ఉండాలి. విచారణ సంఘాన్ని పిలిపించండి. ముద్ర వాళ్ళే విప్పి, ఆ పంక్తి వాళ్ళ కళ్ళతో చూడాలి. మీ ముద్ర సంగతి మీ ఇష్టం, నా పేరు మాత్రం నేనే చెబుతాను."

పరంజ్యోతి బతిమాలాడు. పొలాల సంగతి చెప్పాడు, నీళ్ళ సంగతి చెప్పాడు, ఆమె అన్నిటికీ ఔననే అంది. దిగువ భూములవాళ్ళకు తను చేస్తున్నది అన్యాయమేనని ఆమెకు తెలుసు. ఒక తప్పును బయటపెట్టడానికి ఇంకొకరి పైరును నీళ్ళలో ముంచుతోంది. మంచిపని చేస్తున్నానన్న తృప్తి ఆమెకు రవ్వంత కూడా కలగలేదు. అయినా మెట్లెక్కలేదు. గోడ గడియారం పైన ఉంది, అక్కడినుంచి కనబడదు. సముద్రం వైపు నుంచి మొదటి కెరటం తలుపుకు తగిలిన చప్పుడుతోనే నిలకడ అయిపోయిందని అందరికీ తెలిసింది. ఇక రాత్రి ఆటుదాకా కావలి లేవదు. దాన్ని పెట్టిన దగ్గర్నుంచీ ఇన్నేళ్ళలో పగటిపూట అది లేవకపోవడం అదే మొదలు. పై గదిలో ఫోన్లు ఒకదాని తరవాత ఒకటి మోగడం మొదలైంది. పరంజ్యోతి వాటికోసం పైకి పరిగెత్తాడు.

నాంచారయ్య వరండా చివరికి వెళ్ళి, కట్ట దిగువ పొలాల్లోకి చూశాడు. వరి సగందాకా నీళ్ళలో మునిగి ఉంది. చాలాసేపు చూశాడు, పద్నాలుగు నెలలుగా నీళ్ళను చూడటం ఆయన పని కాదు, ఐనా చూశాడు. సముద్రం ఇంకా కిందే ఉందని, పోటు లోపలి మట్టానికి లేవడానికి రెండు గంటల పైనే పడుతుందని తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు.

"చేతిచక్రం తిప్పితే తలుపు లేస్తది," అన్నాడు. "మిషను నిద్రలో ఉంటే మధ్యలో దించేవాడు లేడు. మళ్ళీ మనం దించుకోవాలి, అంతే. మా చిన్నప్పుడు అన్నీ అట్టాగే ఎత్తేవోళ్ళం."

చక్రం ముట్టుకోవడానికి ఇప్పుడు ఎవరికీ అనుమతి లేదు, ఆయనకైతే అసలే లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన లాకు మీదికి నడిచాడు. తలుపు పైన తుప్పు పట్టిన పెద్ద చక్రం ఉంది, దానికి అటొక పిడి, ఇటొక పిడి. ఇద్దరు తిప్పాల్సిన చక్రం అది. ఆయన ఒక పిడి పట్టుకుని రెండోదాని వైపు చూసి ఆగిపోయాడు. ఒకప్పుడు ఆ పిడి ఎవరు పట్టుకునేవారో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

సువర్చల ముందుకు వెళ్ళింది. తను పట్టుకుంటానంది.

తిరపతమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆమెకు అడ్డంగా వచ్చింది. "నువ్వు పక్కకు జరుగమ్మా," అంది. "నిన్ను తిట్టడానికి నాకింకా చాలా రోజులుంది. ముందు ఈయనతో మాట్లాడాల."

వెళ్ళి రెండో పిడి పట్టుకుంది. మొగుడి ముఖంలోకి చూసి, ఎటు తిప్పాలో చెప్పు అని అడిగింది. ఎడమకు అన్నాడాయన.

మొదటి పట్టుకు చక్రం కదల్లేదు. రెండో పట్టుకు కీచుమంది. మూడోదానికి తలుపు బెత్తెడు లేచి, దాని కిందనుంచి పొలాల నీళ్ళు మట్టిరంగుతో బయటికి దూకాయి. అటు పన్నెండో లాకు మీద, ఇటు పదో లాకు మీద నిలబడి ఉన్న లస్కర్లు ఈ వైపు తేరిపార చూశారు. కావలి లేవకుండా తలుపు లేవడం వాళ్ళు కూడా చూసి చాలా ఏళ్ళయింది. కొంతసేపు ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. ఆ తరవాత పదో లాకు చక్రం కూడా కీచుమన్న చప్పుడు గాలిలో వచ్చింది.

సువర్చల పిట్టగోడను ఆనుకుని నిలబడింది. పదకొండో లాకు మీద మొగుడూ పెళ్ళాలు చక్రం తిప్పుతున్నారు, తిప్పుతూ ఏదో మాట్లాడుకుంటున్నారు, నీళ్ళ హోరులో ఆ మాటలు ఆమెకు వినబడలేదు. ఎవరూ ఆమెను దగ్గరికి రమ్మనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.